40 నిమిషాల వీడియో పాఠాన్ని ఎలా సరళం చేయాలి?

ప్రశ్న:
పెద్దవారికి స్ప్రెడ్‌షీట్ వాడకం నేర్పడానికి ఒక ఆన్‌లైన్ పాఠం తయారు చేశాను. 40 నిమిషాల వీడియోలో స్లయిడ్ల మీది వాక్యాలనే చదువుతూ వివరించాను. ఏదీ వదలకూడదనే పట్టుదలతో చేశాను గానీ, చాలామంది సగంలోనే ఆపేస్తున్నారు. చివరిదాకా చూసినవారు కూడా ఒక వరుసలోని అంకెలను కూడే సూత్రాన్ని సొంతంగా రాయలేకపోతున్నారు. యానిమేషన్లు చేరిస్తే ప్రయోజనం ఉంటుందా, లేక పాఠాన్నే కుదించాలా?

సమాధానం 1:
యానిమేషన్లను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. తెర మీద ఉన్న వాక్యాన్నే మీరు చదివి వినిపిస్తున్నప్పుడు చూసేవారి కన్ను ఒక వేగంతో, చెవి మరో వేగంతో సాగుతాయి. ఆ రెండింటినీ కలుపుకోవడానికే వారి శ్రద్ధ ఖర్చయిపోతుంది. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాల్లో, బొమ్మకు మాట మాత్రమే తోడైన పాఠం కంటే, అదే మాటను అక్షరాల్లో కూడా చూపిన పాఠం తక్కువ ఫలితమిచ్చింది. కాబట్టి ముందుగా పాఠం చివర అభ్యాసకులు చేయగలగవలసిన పనిని ఒక్క వాక్యంలో రాసుకుని, ఆ పనికి అక్కరకు రానిదాన్ని, ఎంత ముచ్చటపడి చేసినదైనా సరే, తీసేయండి. (నేను గీసుకున్న బొమ్మలను తీసేయడానికి నాకు వారం పట్టింది.) ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో 6 నిమిషాల లోపు వీడియోలకే ఎక్కువ ఆదరణ కనిపించింది. అయితే ఉన్న వీడియోనే ఏడు ముక్కలుగా కోస్తే అది కుదింపు కాదు. ఒక్కో ముక్క ఒక్కో పనితో ముగియాలి.

సమాధానం 2:
పై సలహాకు ఒక సవరణ. తెర మీది వాక్యాలను తీసేసినప్పుడు, వినికిడి లోపమున్నవారి కోసం, కావాలంటే చూసుకునేలా, వద్దంటే ఆపుకునేలా ఉపశీర్షికలు తప్పక ఇవ్వండి. అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. "ఎర్ర గడిని నొక్కండి" అనకుండా "బి7 గడిని నొక్కండి" అంటే రంగులు గుర్తించలేనివారికీ తెలుస్తుంది.

సమాధానం 3:
కుదించినంత మాత్రాన సూత్రం రాయడం రాదు. వారు ఇంతవరకు చూశారే తప్ప చేయలేదు. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవారు 5 నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు; వారం తరువాత మాత్రం, చదివినదాన్ని గుర్తు తెచ్చుకుంటూ రాసినవారిదే పైచేయి అయింది. అందుచేత మొదటి పట్టికను మీరే పూర్తిగా చేసి చూపండి, రెండో పట్టికలో చివరి మెట్టు ఖాళీగా ఉంచండి, మూడోది పూర్తిగా వారికే వదిలేయండి. క్విజ్ పెడితే, అందులో ఎంపికలుగా ఇచ్చే తప్పు జవాబులను కూడా ఊహించి పెట్టకండి. సూత్రం మొదట పెట్టవలసిన సమాన చిహ్నం (=) మరచిపోవడం, మొత్తం రావలసిన గడిని కూడా కూడికలో చేర్చడం వంటి, నిజంగా జరిగే పొరపాట్ల నుంచే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఆ క్విజ్‌కు మార్కులు వేయాలా?

సమాధానం 3 రాసినవారు:
వద్దు. ఎన్నిసార్లయినా ప్రయత్నించనివ్వండి; తప్పు చేసినప్పుడు ఎందుకు తప్పయిందో ఒక్క వాక్యంలో అక్కడికక్కడే చూపించండి.