17 రోజుల తర్వాత ఇంటి నీళ్లు ఎందుకంత తియ్యగా ఉంటాయి?

పానగల్లు బాటసారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా కాశీ, ప్రయాగ, గయ యాత్ర ముగించుకొని 17 రోజుల తర్వాత గత నెలలో నల్లగొండకు తిరిగి వచ్చాము. యాత్రలో చెప్పుకోదగిన ఇబ్బంది ఏదీ కలగలేదు. సత్రంలో గది శుభ్రంగా ఉంది, రెండు పూటలా తెలుగు భోజనం దొరికింది, తోటి యాత్రికులు కూడా కలుపుగోలు మనుషులే. అయినప్పటికీ రైల్లో సికింద్రాబాదు చేరి, అక్కడి నుంచి ఎల్.బి.నగర్‌కు వచ్చి బస్సు ఎక్కి, నార్కట్‌పల్లి దగ్గర ఆ బస్సు విజయవాడ రహదారిని వదిలి కుడివైపుకు మళ్లగానే, అన్ని రోజులుగా బిగబట్టుకొని ఉన్నదేదో నా ఒంట్లో సడలిపోయింది. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించేసరికి నేను నిద్రలోకి జారుకున్నానని, నల్లగొండ బస్టాండులో నన్ను తట్టి లేపవలసి వచ్చిందని మా ఆవిడ ఇప్పటికీ చెప్పి నవ్వుతూ ఉంటుంది.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. దర్వాజ తీసి, చెప్పులు విడిచి, చీకట్లోనే చెయ్యి చాచి దీపం స్విచ్చు వేశాను. చేతికి వెతుక్కునే పని పడలేదు. వంటింటి మూలనున్న మట్టి రంజన్‌లో చెంబు ముంచి నీళ్లు తాగాను. గంగ ఒడ్డున అన్ని రోజులు ఉండి వచ్చినవాడిని ఇలా అనకూడదేమో గాని, అంత తియ్యటి నీళ్లు ఆ యాత్రలో ఎక్కడా తాగలేదు.

ఈ మాట చెబితే ఒక మిత్రుడు, నాకు యాత్ర మీద మనసు లేకనే ఇల్లు అంత హాయిగా తోచిందని తేల్చేశాడు. నాకు అలా అనిపించడం లేదు. కాశీలో గడిపిన ప్రతి పూటా నాకు ఇష్టంగానే గడిచింది. మరి ఈ హాయికి కారణం ఏమిటి? మీలో ఎవరికైనా ఇటువంటి అనుభవం ఉంటే దయచేసి తెలియజేయండి.

మునుగోడు మనిషి (మొదటి జవాబు)

నమస్కారం సార్. నేను వైద్య రంగంలో పనిచేస్తున్నాను, ఉండడం హైదరాబాదులో. మీ మిత్రుడి తీర్పును మీరు పట్టించుకోనవసరం లేదు. కొత్త చోట మొదటి రాత్రి సరిగా నిద్ర పట్టకపోవడం అందరికీ తెలిసిన సంగతే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనిని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఎడమ సగం కుడి సగమంత గాఢంగా నిద్రపోలేదని, నిద్రలో వినిపించిన వింత చప్పుళ్లకు ఆ సగమే ఎక్కువగా స్పందించిందని వారు గమనించారు. అంటే మన ఊళ్లలో జొన్నచేను కాపలాకు మంచె మీద పడుకున్న మనిషి ఒక చెవి చేను వైపు పెట్టి పడుకున్నట్టే. ఆ తర్వాతి నిద్రలో ఈ తేడా తగ్గిపోయింది గాని, మీరు కాశీలో కొన్నాళ్లు, ప్రయాగలో కొన్నాళ్లు, మధ్యలో రైళ్లలో రాత్రులు గడిపారు కాబట్టి మీకు ఈ మొదటి రాత్రి 17 రోజుల్లో నాలుగైదు సార్లు వచ్చి ఉంటుంది. ఇష్టంగా తిరిగిన మనిషి కూడా ఇలా అలసిపోవచ్చు.

వాసన సంగతి కూడా చెప్పాలి. ఒకే వాసనలో రోజూ మెలిగితే ముక్కు దానిని లెక్క చేయడం మానేస్తుంది. అందుకే మన ఇంటికి ఒక వాసన ఉందని మనకు తెలియదు. రెండు వారాలు దూరంగా ఉండి వచ్చి తలుపు తీసినప్పుడు మాత్రం, పసుపు డబ్బా, పాత పుస్తకాలు, అటకమీది గోనె సంచులు అన్నీ కలిసిన ఆ వాసన ఒక్కసారిగా తగులుతుంది. మీకు ఆ రాత్రి తగిలే ఉంటుంది, గుర్తు చేసుకోండి. (ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున కడుపు కూడా దారిలో పడుతుంది. సభలో ఎవరూ చెప్పుకోరు గాని, హాయిలో సగం వాటా దానిదే.)

నీళ్ల విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణా నీళ్లే అక్కంపల్లి జలాశయానికి చేరి, అక్కడి నుంచి కాలువ వెంట మీ ఉదయసముద్రం చెరువుకు వస్తున్నాయి. 2004 నుంచి ఆ అక్కంపల్లి నీళ్లే గొట్టాల్లో హైదరాబాదుకూ పోతున్నాయి. నేను ఇక్కడ తాగేవీ అవే నీళ్లు, నాకు ఒక్క రోజూ తియ్యగా అనిపించలేదు. ఇంకో మాట. మునుగోడు, మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంత ఉండేదో, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిన ఆ నీళ్లు ఎముకలను ఏం చేశాయో మీకు చెప్పనక్కరలేదు. మా తాత ఆ నీళ్లు తాగే నడుము వంగిపోయాడు. అటువంటి మనిషి హైదరాబాదులో మా ఇంటికి వచ్చి మంచి నీళ్లు తాగి, చప్పగా ఉన్నాయని చెంబు పక్కన పెట్టేవాడు. నాలుకకు అలవాటే గాని న్యాయం తెలియదు సార్.

నారాయణపేట నేత (రెండవ జవాబు)

పై వివరణ బాగుంది. అయితే ఇల్లు చేరడంలోని హాయి అందరికీ ఒక తీరుగా ఉండదని చెప్పడానికి రాస్తున్నాను. మా అమ్మానాన్నలు పాలమూరు నుంచి వేల మంది వెళ్లినట్టే మేస్త్రీ దగ్గర ముందుగా డబ్బు తీసుకొని, ముంబయి బస్సెక్కి, కట్టడం పనులకు బతుకపోయేవారు. నన్ను అవ్వ దగ్గర వదిలి వెళ్లేవారు. పీర్ల పండుగకో ఉగాదికో తిరిగి వచ్చేవారు. బస్సు తెల్లవారుజామున వచ్చేది. మా నాన్న సామాను దించి ఇంట్లోకి వచ్చేవాడు కాడు. ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, మట్టిగోడ వానకు ఎక్కడ కూలిందో, పైకప్పు ఎక్కడ కుంగిందో చేత్తో తడిమి చూసుకొని, అప్పుడు కాళ్లు కడుక్కునేవాడు. అమ్మ మాత్రం ఎనిమిది నెలలుగా ఇటుకలు మోసిన చేతులతో ఆ పొద్దే పొయ్యి అలికి, జొన్న రొట్టెలు కొట్టేది. ముంబయిలో ఆమె రొట్టె చేయలేదని కాదు. అక్కడ రేకుల గుడిసె పక్కన మూడు ఇటుకల మీద చేసిన రొట్టె ఆకలికి తినేదట, ఇక్కడిది కూర్చొని తినేదట. ఈ మాట ఆమె నాతో చాలాసార్లు అంది.

వారు వచ్చిన రోజు నాకు సంతోషం కంటే కొత్త ఎక్కువగా ఉండేది. రెండు రోజుల దాకా మా అమ్మ ఒడిలోకి పోయేవాణ్ని కాదు. తిరిగి వచ్చినవారికి ఇల్లు వెంటనే దొరికినా, ఇంట్లో ఉన్నవారికి వచ్చిన మనుషులు వెంటనే దొరకరు. కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల నీళ్లు వచ్చాక మా వైపు కొందరు పొలాలకు మళ్లారు, కొందరు ఇంకా వెళ్తూనే ఉన్నారు. మీ 17 రోజుల హాయిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు సార్. మీరు వెళ్లినప్పుడే మీకు తిరుగు టికెట్టు ఉంది. మా నాన్నకు మేస్త్రీ లెక్క తేలితేనే తిరుగు ప్రయాణం. ఆయన గోడ తడమడానికి కారణం అదేనని ఇప్పుడు అనుకుంటాను.

వనపర్తి వాకిలి (మూడవ జవాబు)

సార్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తలుపు తీసింది మీరు, దీపం వేసింది మీరు, నీళ్లు తాగింది మీరు. 17 రోజులు తాళం వేసిన ఇంట్లో రంజన్ నిండా తాజా నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో మీకు ఇంతవరకు సందేహం రాలేదా?

నేను గత వేసవిలో 12 రోజులు ఊరు విడిచి వచ్చినప్పుడు మా ఇంట్లో రంజన్ ఎండి పగుళ్లు చూపింది. పెరుగు గిన్నెలో బూజు, వాకిట్లో పన్నెండు రోజుల ఆకులు, తులసికోటలో ఎండుపుల్ల, మూడు సంచుల మురికి బట్టలు. మా వారు మంచం మీద వాలి, ఇల్లే స్వర్గమని అన్నారు. నాకు ఆ స్వర్గం మూడో రోజు సాయంత్రానికి గాని కనిపించలేదు. అప్పటి నుంచి బయలుదేరే ముందే దుప్పట్లు ఉతికి పరచి పెడుతున్నాను, ఒక సీసాలో చింతకాయ తొక్కు, వేయించిన రవ్వ ఉంచుతున్నాను, తాళంచెవి పక్కింటి అక్క చేతికి ఇస్తున్నాను. తిరుగు ప్రయాణం కూడా పొద్దుటికి ఇల్లు చేరేటట్టే చూసుకుంటున్నాను, రాత్రి వచ్చి దుమ్ములో పడుకోవడం కంటే అదే మేలు. మునుగోడు వారు చెప్పిన మెదడు సంగతి నిజమే అయి ఉంటుంది. కాని మెదడు రెండు సగాలూ నిద్రపోవాలంటే ముందు పక్క ఎవరో ఒకరు దులపాలి.

పానగల్లు బాటసారి

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలా సేపు ఏమీ రాయలేకపోయాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి మా ఆవిడను అడిగాను. రైలు బల్లార్షా దాటిన తర్వాత, నేను పై బెర్తు మీద నిద్రపోతున్న సమయంలో, ఆమె మా ఎదురింటి వారికి ఫోను చేసి, వారి దగ్గర ఉంచమని ఇచ్చిన తాళంచెవితో ఇల్లు తెరిపించి, రంజన్ కడిగించి నింపించిందట. వాకిలి ఊడ్పించిందట. వాకిట్లో సాంపి చల్లి ముగ్గు కూడా వేశారట. నేను దానిని తొక్కుకుంటూ లోపలికి వెళ్లాను. ఇదంతా నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు నీళ్లను అంతగా మెచ్చుకుంటుంటే మధ్యలో అడ్డు తగలడం ఎందుకని ఊరుకున్నానని అంది.

నారాయణపేట తమ్ముడూ, మీ నాన్నగారు గోడ తడిమిన సంగతి నన్ను వదలడం లేదు. ఈ రోజు ఉదయం నేనూ మా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. వెనుక గోడకు ఒక పగులు ఉన్నట్టు ఇన్నేళ్లుగా నాకు తెలియనే తెలియదు.

ఒక చిన్న సాయం కావాలి. మా ఆవిడ రేపు మిర్యాలగూడలో పుట్టింటికి వెళ్లి అయిదో రోజు సాయంత్రం వస్తుంది. ఆ రోజు రంజన్ నేను నింపుదామనుకుంటున్నాను. దానిని సబ్బు పెట్టి కడగవచ్చా?

వనపర్తి వాకిలి

సబ్బు మాత్రం పెట్టకండి సార్, మట్టి దానిని పీల్చుకుంటుంది, పది రోజులు నీళ్లు ఆ వాసనే వస్తాయి. దొడ్డుప్పు వేసి కొబ్బరి పీచుతో రుద్ది, రెండుసార్లు నీళ్లతో తొలిచి, ఒక పూట బోర్లించి ఆరబెట్టండి. మూత కూడా కడగండి, మగవారు దానిని మరిచిపోతారు. సాయంత్రం వస్తారంటే ఉదయమే నింపండి, అప్పటికి చల్లబడుతుంది.