ఆకాశవాణి కేంద్రాలు మొదట ఎవరివి? తెలిసినవాళ్లు చెప్పండి

పాతరేడియో_పిచ్చోడు

మా బావమరిదితో గట్టి వాదన నడుస్తోంది. ఈ దేశంలో రేడియో మొదట్నుంచీ సర్కారుదేనట, ప్రైవేటు అన్నది మిర్చీలూ బిగ్‌లూ వచ్చాకేనట. నాకు తెలిసినంతలో కథ తిరగబడి ఉంది. బొంబాయి, కలకత్తా కేంద్రాలు రెండూ పెట్టింది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ. 1927 జులై 23న బొంబాయి, ఆగస్టు 26న కలకత్తా. మూడేళ్లు నిండకుండానే చేతులెత్తేసింది. 1930 మార్చిలో లిక్విడేషన్, ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం నడపడం మొదలుపెట్టింది. ఆలిండియా రేడియో అన్న పేరు 1936 జూన్ 8న వచ్చింది. మునిగిపోయిన కంపెనీ సామాను మీద నిలబడ్డ సంస్థ అన్నమాట.

నా ప్రశ్న ఇది. ఆకాశవాణి తన డబ్బుతో కట్టుకున్న కేంద్రాలేవి, ఎవరి దగ్గర్నుంచో తీసుకున్నవేవి? అలా చేతులు మారినప్పుడు లోపల పనిచేసేవాళ్లకి, బయట వినేవాళ్లకి ఏం తేడా వచ్చింది? మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు చెప్పినవి, మీరు చూసినవి రాయండి. వికీపీడియా కాపీ పేస్టు వద్దు బాబూ, అది నేనూ చదువుకోగలను.

చిరాగలీ_గల్లీ

హైదరాబాదుతో మొదలుపెడతాను. మా గల్లీ పేరే పెట్టుకున్నా కాబట్టి నాకు హక్కుంది 😄

1930ల మొదట్లో మహబూబ్ అలీ అనే ఆయన చిరాగ్ అలీ లేన్‌లో సొంతంగా ఒక చిన్న స్టేషను నడిపేవారు. దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది. 1935 ఫిబ్రవరి 3న అధికారికంగా ప్రసారాలు మొదలయ్యాయి, 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో. అదే దక్కన్ రేడియో. అంటే మన హైదరాబాదు కేంద్రం ముగ్గురు యజమానుల్ని చూసింది: ఒక మనిషి, ఒక సంస్థానం, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం.

మా నాన్న ఆ రోజుల్లో ఇక్కడే చదువుకున్నారు. ఉర్దూ కార్యక్రమాలే ఎక్కువ, తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని హోటల్లో చాయ్ చల్లారబెట్టుకుని కూచునేవారట. 1948 సెప్టెంబరు 17 సాయంత్రం నిజాం లొంగుబాటు ప్రకటన విన్నది కూడా ఆ హోటల్ రేడియోలోనే. వినేశాక చాలాసేపు ఎవరూ బిల్లు కట్టడానికి లేవలేదని, సేటు కూడా అడగలేదని చెప్పేవారు.

చాలామంది పొరబడేది ఇక్కడే. పోలీసు చర్య అయిన వెంటనే ఆలిండియా రేడియో వచ్చేయలేదు. ఏడాదిన్నర పట్టింది. 1950 ఏప్రిల్ 1న అప్పగించారు. మైసూరు, తిరువనంతపురం సంస్థానాల కేంద్రాలు కూడా అదే రోజు చేతులు మారాయి.

బెజవాడ_శ్రోత

దక్కన్ రేడియోకి పోటీగానే విజయవాడ కేంద్రం పెట్టారని మా వైపు అంటుంటారు. నిజమేనా అండీ?

చిరాగలీ_గల్లీ

తారీఖులు కుదరవండీ. విజయవాడ కేంద్రం తెరిచింది 1948 డిసెంబరు 1న. అప్పటికి నిజాం లొంగిపోయి రెండు నెలలు దాటింది. ముందే ప్లాను వేసుంటారేమో అంటే ఆ ఫైళ్లు చూసినవాళ్లు చెప్పాలి. అయితే మీది ఆకాశవాణి తనంతట తాను కట్టుకున్న కేంద్రం. మాది ఇంకొకరి ఇంట్లో అద్దెకు దిగి, తర్వాత ఇల్లే రాయించుకున్న కేసు.

కూవం_గట్టు

మద్రాసు సంగతి ఎవరూ ఎత్తలేదేం? విజయవాడ వచ్చేదాకా కోస్తా, సీమ జిల్లాలకు తెలుగు రేడియో అంటే మద్రాసే కదా.

మద్రాసులో మొదలుపెట్టింది ప్రభుత్వమూ కాదు, కంపెనీ కూడా కాదు. ఒక క్లబ్బు. కృష్ణస్వామి చెట్టి ముందుండి నడిపిన మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్, 1924లో. బొంబాయి కంపెనీ కంటే మూడేళ్లు ముందు! జులై 31న ప్రసారాలు మొదలుపెట్టి 1927 దాకా లాగారు. డబ్బుల్లేక మూసేసి, ట్రాన్స్‌మిటర్‌ని మద్రాసు కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషనే రేడియో నడిపింది. కుళాయి నీళ్లు, వీధి దీపాలు చూసుకునే ఆఫీసే సాయంత్రం పూట సంగీతం కూడా వినిపించేది. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు బిగించారు. రేడియో కొనే తాహతు లేనివాడు కూడా శనగలు తింటూ కచేరీ వినొచ్చు. కార్పొరేషను బడి పిల్లలకు సంగీత పాఠాలు, కథలు వేరే.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో వచ్చి మద్రాసులో సొంత కేంద్రం తెరిచింది, కార్పొరేషన్ పక్కకు తప్పుకుంది. ఆ తర్వాతే తెలుగువాళ్లకి అసలు లాభం. బాలాంత్రపు రజనీకాంతరావు గారు అక్కడే చేరారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అదే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల కార్యక్రమాలు మొదలుపెట్టిందీ అక్కడే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వాళ్లు హైదరాబాదు వచ్చేశారు.

నా లెక్కలో ఇది ముఖ్యం. కేంద్రం ఎవరిదన్నది ఒక ఎత్తు, అందులో ఏ భాషవాడికి కుర్చీ దొరికిందన్నది ఇంకో ఎత్తు.

చిరాగలీ_గల్లీ

ఒప్పుకుంటా. మా దగ్గరా అంతే. 1956 తర్వాత కృష్ణశాస్త్రి గారు, స్థానం నరసింహారావు గారు లాంటివాళ్లు హైదరాబాదు కేంద్రంలో కూచున్నాక తెలుగు పాలు పెరిగింది. ఉర్దూ మాత్రం పూర్తిగా పోలేదు. నైరంగ్ కార్యక్రమం దక్కన్ రేడియో తాలూకు వారసత్వమే అనుకుంటాను నేను.

షిఫ్ట్_ఇంజనీర్_రిటైర్డ్

ఆకాశవాణిలో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. ప్రశ్న వేసినాయన లెక్క అడిగారు కాబట్టి లెక్కే చెబుతా.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆలిండియా రేడియో కేంద్రాలు 9. అందులో బొంబాయి, కలకత్తా కంపెనీ నుంచి వచ్చినవి. పెషావర్ అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం మార్కోనీ సాయంతో పెట్టుకున్నది, 1937లో తీసుకున్నారు. మద్రాసు కథ పైన చెప్పారు. ఢిల్లీ, లాహోర్, లక్నో, తిరుచిరాపల్లి, ఢాకా సొంతంగా పెట్టినవి. ఇంత చేసి, దేశ విభజనలో లాహోర్, పెషావర్, ఢాకా పాకిస్తాన్‌కి పోయాయి. మిగిలినవి 6. ఆపైన సంస్థానాల కేంద్రాలు వచ్చి చేరాయి: హైదరాబాదు, ఔరంగాబాదు, మైసూరు, తిరువనంతపురం, బరోడా. ఔరంగాబాదు కూడా నిజాందే, మర్చిపోకండి.

కంపెనీ ఎందుకు మునిగిందో కూడా చెప్పాలి. దాని ఆదాయం లైసెన్సు ఫీజు. సెట్టుకి ఏడాదికి 10 రూపాయలు, అందులో కంపెనీ వాటా 80 శాతం. ట్రాన్స్‌మిటర్లు చూస్తే ఒక్కోటి ఒకటిన్నర కిలోవాట్. ఊరు దాటి కొంచెం పోతే వినపడదు. వినపడనిదానికి లైసెన్సు ఎవడు కడతాడు? దేశం మొత్తమ్మీద లైసెన్సులు 8 వేలు దాటలేదు. దొంగ సెట్లు ఎన్నో దేవుడికే ఎరుక. పవర్ పెంచాలంటే డబ్బు కావాలి, డబ్బు రావాలంటే పవర్ పెరగాలి. ట్రాన్స్‌మిటర్ దగ్గర పనిచేసినవాడిగా చెబుతున్నా, వాళ్ల ప్రోగ్రాములు బాగాలేక కాదు, సిగ్నల్ చాలక పోయారు.

ప్రభుత్వమేమీ సంబరంగా తీసుకోలేదు. 1931 అక్టోబరులో ఖర్చు భరించలేమని మూసేద్దామనుకుంది. జనం, రేడియో వ్యాపారులు గోల పెడితే మళ్లీ మనసు మార్చుకుంది. దిగుమతి సెట్ల మీద సుంకం పెంచారు. 1932 చివర్లో లండన్ నుంచి బీబీసీ ఎంపైర్ సర్వీస్ మొదలయ్యాక ఇక్కడి తెల్లవాళ్లు సెట్లు కొన్నారు. ఆ సుంకం, ఆ లైసెన్సులతో మన రేడియో గట్టెక్కింది.

లైసెన్సు_పుస్తకం

లైసెన్సు మాటెత్తారు కాబట్టి. మా ఊరి పోస్టాఫీసులో ఏడాదికి 15 రూపాయలు కట్టి ఆ చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకునేవాళ్లం. పాస్‌బుక్ సైజు. ఆలస్యమైతే ఫైను. పోస్ట్‌మాన్ ఉత్తరాలిచ్చే వంకతో లోపలికి తొంగి చూసి "రేడియో కొన్నట్టున్నారే" అనేవాడు. మా అమ్మ వెంటనే దాని మీద తువ్వాలు కప్పేది, పాట మాత్రం ఆగేది కాదు 😂 1980ల మధ్యకి ఆ లైసెన్సులు ఎత్తేశారు.

పణజీ_ప్రసాద్

ఉద్యోగం గోవాలో. ఇక్కడి కేంద్రం కథ కూడా కలుపుకోండి. ఎమిస్సోరా ది గోవా అని పోర్చుగీసువాళ్ల రేడియో, 1940ల నుంచి ఉండేది. 1961 డిసెంబరులో సైన్యం గోవా తీసుకున్నప్పుడు బాంబోలిం వైర్‌లెస్ స్టేషన్ మీద విమానాలతో బాంబులు వేశారు. 1962 జనవరిలో అదే ఆలిండియా రేడియో పణజీ అయింది. కొన్నది కాదు, అప్పగించింది కాదు, యుద్ధంలో వచ్చింది. ఇక్కడి పెద్దవాళ్లు పాశ్చాత్య సంగీతం గురించి ఇప్పటికీ గొప్పగా చెబుతారు, ఆ రికార్డుల లైబ్రరీ మామూలుది కాదట.

పాతరేడియో_పిచ్చోడు

అద్భుతం. క్లబ్బు, కార్పొరేషన్, కంపెనీ, నిజాం, పోర్చుగల్. ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ రోజు ఆకాశవాణి కేంద్రం ఎవరిది? ప్రభుత్వానిదా, లేక ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి అనే సంస్థదా?

షిఫ్ట్_ఇంజనీర్_రిటైర్డ్

కాగితం మీద ప్రసార భారతిది. చట్టం 1990లో చేశారు, అమల్లోకి వచ్చింది 1997లో. ఏడేళ్లు అల్మారాలో ఉంది. అంతకుముందు, రేడియో, టీవీలు ఎవరి చేతిలో ఉండాలో చూడమని వేసిన వర్గీస్ కమిటీ 1978లోనే స్వతంత్ర ట్రస్టు పెట్టమంది. ఎమర్జెన్సీలో రేడియో ఏం చేసిందో చూశాక వచ్చిన సలహా అది. 1995లో సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదానిదే కాదు అని తీర్పిచ్చింది. అప్పుడు కదలిక వచ్చింది.

లోపల ఎలా ఉండేదంటే, ప్రసార భారతి వచ్చిన మర్నాడు మా కంట్రోల్ రూములో ఏమీ మారలేదు. అదే లాగ్‌బుక్, అదే షిఫ్టు. క్యాంటీన్లో మాత్రం ఒకటే టెన్షన్: మనం ప్రభుత్వోద్యోగులమా కాదా, పెన్షన్ ఎవరిస్తారు? చివరికి చట్టం సవరించి 2007 అక్టోబరు 5 అని గీత గీశారు. ఆ తేదీ దాకా చేరినవాళ్లం డీమ్డ్ డెప్యుటేషన్ మీద ఉన్నట్టు, రిటైరయ్యేదాకా ప్రభుత్వోద్యోగుల హక్కులే. తర్వాత చేరినవాళ్లు ప్రసార భారతి ఉద్యోగులు. పక్కపక్క కుర్చీల్లో కూచుని ఒకే ఫేడర్ (శబ్దం పెంచే, తగ్గించే మీట) తిప్పేవాళ్లిద్దరికి యజమానులు వేరు. సంస్థ జీతాలకు డబ్బు చాలావరకు కేంద్ర ప్రభుత్వం గ్రాంటే. డబ్బిచ్చేవాడిదే మాట అని నేను అనను, మీరే అనుకోండి.

కాజువల్_గొంతు

ఆ రెండు రకాల ఉద్యోగులకీ అవతల మేమున్నాం సార్. కాజువల్ అనౌన్సర్లం. నెలకి ఆరు డ్యూటీలు మించకుండా బుకింగ్. ఏ కేంద్రమో చెప్పను, ఒక ఏడాది సంక్రాంతికి చేసిన డ్యూటీ డబ్బులు ఉగాదికి కూడా రాలేదు. ఎవరిది కేంద్రం అని అడిగితే నాకు నవ్వొస్తుంది. శ్రోతలు మాత్రం బస్టాండులో గొంతు గుర్తుపట్టి "మీరు ఉదయం చదివేది" అంటారు. అది వేరే జీతం.

మిర్చీబజ్జీ

ప్రైవేటు ఎఫ్‌ఎంలు వచ్చాక ఆకాశవాణి ఆస్తుల గోల ఇంకెవరికి పట్టింది లెండి.

షిఫ్ట్_ఇంజనీర్_రిటైర్డ్

అక్కడే ఉంది తమాషా. చాలా నగరాల్లో ప్రైవేటు ఎఫ్‌ఎం యాంటెన్నాలు బిగించింది ఆకాశవాణి, దూరదర్శన్ టవర్ల మీదే, అద్దె కట్టి. మీరు వినే పాట వాళ్లది, ఇనుము మాది.

ప్రైవేటుకు తలుపు తీసింది కూడా ఆకాశవాణే. 1993లో ఢిల్లీ, బొంబాయిల్లో తన ఎఫ్‌ఎం చానల్లో గంటల లెక్కన టైము అమ్మింది. పెద్ద పత్రికల వాళ్లు కొనుక్కుని కార్యక్రమాలు చేశారు. 1998లో ఆ స్లాట్లు ఆపేశారు. మరుసటేడాది ప్రభుత్వం లైసెన్సుల వేలం పెట్టింది. ఫీజు ఏటా 15 శాతం పెరిగే షరతు. పోటీపడి పాడినవాళ్లు చాలామంది వెనక్కి తగ్గారు. మొదటి ప్రైవేటు కేంద్రం 2001లో బెంగళూరులో వచ్చింది. 2005లో ఫీజు పద్ధతి తీసేసి ఆదాయంలో 4 శాతం వాటా అన్నాక మన హైదరాబాదు దాకా వచ్చాయి. 1930లో కంపెనీని ముంచిందీ, ఇక్కడ మొదటి వేలాన్ని చెడగొట్టిందీ ఒకటే: ఆదాయం రాకముందే ఖర్చు మెడకు చుట్టుకోవడం.

జొన్నరొట్టె_జహీరాబాద్

సర్కారు, ప్రైవేటు రెండే అనుకుంటున్నారు. మా దగ్గర మాచ్‌నూరులో సంఘం రేడియో ఉంది. దళిత మహిళల సంఘాలది. స్టూడియో, సామాను 1990ల చివర్లోనే రెడీ. లైసెన్సు రాదు. 2006 దాకా స్వచ్ఛంద సంస్థలకి అసలు ఇవ్వనే ఇవ్వలేదు. అప్పటిదాకా కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి ఊళ్లకి తీసుకెళ్లి సంఘం మీటింగుల్లో వినిపించేవాళ్లు. 2008 అక్టోబరు 15న గాల్లోకి వచ్చింది. మా చిన్నమ్మ కొర్రలు, సామల విత్తనాల గురించి అందులో మాట్లాడింది, మా యాసలోనే. ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమం బాగుంటది కాని అందులో మాట్లాడేది సారు, వినేది మేము.

బెజవాడ_శ్రోత

ఈ ప్రైవేటు, కమ్యూనిటీ కేంద్రాల్లో వార్తలు ఎందుకు రావు? మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలినా ఎఫ్‌ఎంలో చెప్పరు.

షిఫ్ట్_ఇంజనీర్_రిటైర్డ్

ట్రాఫిక్, వాతావరణం, కరెంటు కోత లాంటివి చెప్పొచ్చు, వాటిని వార్తలుగా లెక్కవేయరు. అసలు వార్తలు సొంతంగా చదవడానికి ప్రైవేటు ఎఫ్‌ఎంలకి అనుమతి లేదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్ మార్చకుండా అలాగే వేసుకోవచ్చు. కేంద్రాలు ఎన్నో చేతులు మారాయి కాని రేడియోలో వార్త మాత్రం ఇప్పటికీ సర్కారు రేడియో దగ్గరే ఉంది. మీ బావమరిది గారు అన్నది ఆ ఒక్క విషయంలో రైటేనండీ పిచ్చోడు గారూ.

పాతరేడియో_పిచ్చోడు

ఈ ముక్క ఆయనకి చూపించను 😄 ఔరంగాబాదు కేంద్రం నిజాం రోజుల్లో ఎలా ఉండేదో తెలిసినవాళ్లు, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు చుట్టాలున్నవాళ్లు, కింద రాయండి. మైసూరు మీద కూడా ఎవరూ రాయలేదు.