పాత వీసీఆర్‌ని కొత్త టీవీకి కలిపితే బొమ్మ లేదు, గుర్రుమని శబ్దం మాత్రం వస్తా ఉంది

కావలి_కుర్రోడు:
కువైట్ నుంచి తెచ్చిన వీహెచ్‌ఎస్ వీసీఆర్. క్యాసెట్ పెడితే తిరుగుతా ఉంది. వెనక పసుపు సాకెట్ ఒకటి, తెలుపు ఒకటి, యాంటెనా పిన్ను ఒకటి. ఎరుపు లేనే లేదు. టీవీ 43 అంగుళాల స్మార్ట్ టీవీ. దానికేమో హెచ్‌డీఎంఐలు, ‘ఏవీ ఇన్’ అని రాసిన సన్న రంధ్రం, అంతే. సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన వైరు (ఒకవైపు సన్న పిన్ను, ఇంకోవైపు మూడు రంగులు) పెట్టి ఏవీ ఎంచుకుంటే తెర నల్లగా ఉంది, ఒక స్పీకర్లో గుర్రుమంటా ఉంది. వీసీఆర్ పోయినట్టా? హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొనాల్నా? చూడాల్సినవి పెళ్లి క్యాసెట్లన్నా, చెడిపోతే మళ్లీ దొరకవు.

ఒంగోలు_బెంచీ:
వీసీఆర్ బాగానే ఉన్నట్టుంది. ఆ గుర్రే సాక్ష్యం. వీడియో సిగ్నల్ పోయి ఆడియో లైన్లో పడితే అట్లనే మోగుతుంది. తప్పు వైరుది.

ఆ సన్న 3.5 ఎంఎం పిన్ను మీద మూడు నల్ల గీతలు, వాటి మధ్య నాలుగు భాగాలు ఉంటాయి: ఎడమ ఆడియో, కుడి ఆడియో, వీడియో, గ్రౌండ్ (మూడిటికీ ఉమ్మడిగా ఉండే తిరుగు దారి). ఏది ఎక్కడ ఉండాలనేది కంపెనీకో రకం. సెట్‌టాప్ బాక్సు వైరు మీ టీవీకి సరిపోవాలని ఏం లేదు. ముందు రంగులు పట్టించుకోకుండా, వీసీఆర్ పసుపు సాకెట్‌లో వైరు ఎర్ర పిన్ను పెట్టి చూడండి, రాకపోతే తెల్లది. గ్రౌండ్ చోటు ఒకటే అయితే ఏదో ఒకదానికి బొమ్మ వస్తుంది. ఎట్ల మార్చినా గుర్రు తప్ప ఏం రాకపోతే గ్రౌండే తేడా. అప్పుడు ఆ వైరు పక్కన పడేసి, టీవీ మోడల్ నంబరు చెప్పి దానికి తగ్గది తెచ్చుకోవాల.

మల్టీమీటర్ ఉంటే గ్రౌండ్ తెలుసుకోవడం తేలిక. కంటిన్యుటీలో (రెండు చోట్లు లోపల కలిసుంటే బీప్ అనే సెట్టింగు) పెట్టి, ఒక ముల్లు రంగు పిన్ను బయటి లోహపు అంచుకు, రెండోది సన్న పిన్ను భాగాలకు ఒక్కొక్కదానికి ఆనించండి. బీప్ అన్నదే గ్రౌండ్.

ఇంకోటి, టీవీ వెనక ఆ రంధ్రం కొంచెం లోపలికి ఉంటే వైరు పిన్ను చుట్టూ ఉన్న లావు ప్లాస్టిక్ అడ్డం పడి పూర్తిగా దిగదు. అప్పుడు కూడా ఇదే గుర్రు. టక్కుమని కూర్చుందా చూడండి.

ఎరుపు లేదంటే మీది మోనో సెట్. తెలుపు ఒక్కటే పెడితే ఒక స్పీకర్లోనే పలుకుతుంది. ఒకటి రెండుగా చీలే వై పిన్ను పెడితే రెండిట్లో వస్తుంది.

పెన్నా_గట్టు:
కన్వర్టర్ గురించి. టీవీలో ఏవీ పనిచేస్తే కొనబాకండి. వీహెచ్‌ఎస్ సిగ్నల్ నిలకడగా ఉండదు, టేపు సాగినచోట లైన్లు అటూ ఇటూ ఊగుతాయి. చాలా టీవీలు దాన్ని ఓర్చుకుంటాయి, చవక డబ్బాలు సిగ్నల్ పోయిందనుకొని నీలం తెర చూపిస్తాయి. బొమ్మ వచ్చిపోయి వచ్చిపోయి ఉంటే తల నొప్పే.

కొనక తప్పకపోతే ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని అడిగి తీసుకోండి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ డబ్బా చూడ్డానికి అచ్చం ఇట్లే ఉంటుంది, అది తిరగేసి పనిచెయ్యదు. 5 వోల్టుల యూఎస్‌బీ కరెంటు ఇవ్వాల. మూడు రంగులు ఒకవైపు, హెచ్‌డీఎంఐ పిన్ను ఇంకోవైపు ఉన్న ఉత్త వైర్లు అమ్ముతారు, మధ్యలో చిప్ లేకుండా అనలాగ్ సిగ్నల్ డిజిటల్ ఎట్లవుద్ది? డబ్బులు దండగ.

కువైట్ సెట్ అయితే మన దేశంలో లాగే పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతే, కరెంటు కూడా మనకు సరిపోతుంది. అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్లు ఉంటే అవి ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో పద్ధతి. ఉత్త పాల్ వీసీఆర్‌లో సరిగా ఆడవు. అమెరికా వీసీఆరే తెస్తే 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెట్టబాకండి, పవర్ సప్లై కాలిపోద్ది.

సముద్రం_పక్కన:
అన్నా, వైర్ల సంగతి తర్వాత. పెళ్లి క్యాసెట్ లోపల పెట్టేముందు దాని మీదుండే కిటికీలోంచి టేపు చుట్టను టార్చి వేసి చూడు. కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం లాంటి చోట గాలిలో తేమకు బూజు పడతా ఉంటుంది. చుట్ట అంచున తెల్ల మచ్చలో పొడో కనపడితే ఆ క్యాసెట్ ఆడించబాక. బూజు వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్లకు అంటుకొని, అక్కణ్ణుంచి మిగతా క్యాసెట్లకు పాకుద్ది. అట్లాంటిది శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వాల్సిందే.

మచ్చలు లేకపోతే ముందు ఏ పనికిరాని క్యాసెట్టో పెట్టు. బెల్టు సాగినా, పించ్ రోలర్ (టేపును నొక్కి లాగే చక్రం) రబ్బరు గట్టిపడి నున్నగైనా టేపును నమిలేస్తుంది. ఆ నమిలేది పెళ్లిది కాకుండా ఉండాల గదా. అది సాఫీగా ఆడితే అసలుదాన్ని చివరిదాకా ఒకసారి ఫార్వర్డ్, ఒకసారి రివైండ్ చేసి ఆడించు. ఏళ్ల తరబడి చుట్టుకొని ఉన్న టేపు కొంచెం వదులవుద్ది.

బొమ్మంతా చుక్కలైతే వీసీఆర్‌కుండే ట్రాకింగ్ (హెడ్లను టేపు మీది గీతలకు సరిపెట్టేది) తిప్పు. తగ్గకపోతే హెడ్ మురికి. ప్లగ్గు పీకి, పై మూత విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (సెల్లు రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుద్ది) దారాలు రాలని గుడ్డకు తడిపి, డ్రమ్ముకు (హెడ్లుండే మెరిసే గుండ్రటి భాగం) ఆనించి కదలకుండా పట్టుకో. రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పు. గుడ్డను పైకీ కిందకీ రుద్దితే హెడ్ విరుగుద్ది. దూది పుల్లలు వద్దు, పోగులు చిక్కుకుంటాయి.

కావలి_కుర్రోడు:
వైరు ఎర్ర పిన్ను పసుపు సాకెట్‌లో పెడితే రంగుల్తో బొమ్మ వచ్చింది! పనికిరాని క్యాసెట్ సాఫీగానే ఆడతా ఉంది. కానీ మనుషులు లావుగా కనపడతా ఉండారు, తెర అడుగున సన్న గీతల పట్టీ ఒకటి వణకతా ఉంది. హెడ్ తుడవాల్నా?

ఒంగోలు_బెంచీ:
తుడవబాకండి. రెండు హెడ్లు వంతు మారేచోట పడే గీతలవి, ప్రతి వీహెచ్‌ఎస్‌లో ఉంటాయి. పాత డబ్బా టీవీలు బొమ్మ అంచుల్ని ఫ్రేమ్ వెనక దాచేవి కాబట్టి కనపడలేదు. పిక్చర్ సెట్టింగుల్లో ఓవర్‌స్కాన్ (అట్లా అంచుల్ని దాచేది) ఉంటే ఆన్ చెయ్యండి. లావు తగ్గాలంటే పిక్చర్ సైజు 16:9 నుంచి 4:3కి మార్చండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, అది మామూలే.