రెజిల్‌మేనియా 10 రివ్యూ: ఓవెన్–బ్రెట్ మ్యాచ్‌కి, లాడర్ మ్యాచ్‌కి ఎన్ని చుక్కలు?

టాప్‌రోప్_తాత:

రెజిల్‌మేనియా 10 అంటే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కుస్తీ కంపెనీ ఏటా పెట్టే పెద్ద షో, 1994 మార్చి 20న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. తొమ్మిది మ్యాచ్‌లకీ విడివిడిగా రివ్యూ రాస్తున్నాను. డ్రాఫ్ట్ పూర్తయింది కానీ కొన్ని చోట్ల తూకం కుదరడం లేదు.

ఇప్పటికి అయిదుకి వేసిన చుక్కలు ఇవి: అన్నదమ్ములు ఓవెన్ హార్ట్–బ్రెట్ హార్ట్ 4.5, డోయింక్ వాళ్ల మిక్స్‌డ్ ట్యాగ్ (జట్లుగా ఆడే మ్యాచ్) 1, సావేజ్–క్రష్ 2.5, అలుండ్రా బ్లేజ్–లెయిలానీ కాయ్ 1.5, క్యుబెకర్స్ ట్యాగ్ మ్యాచ్ 1, లూగర్–యోకోజునా 1, ఎర్త్‌క్వేక్–ఆడమ్ బాంబ్ 0, లాడర్ మ్యాచ్ (నిచ్చెన ఎక్కి పైన వేలాడే బెల్టుల్ని దించేది) 5, ఆఖరి బ్రెట్–యోకోజునా 1. సగటు తీస్తే 1.94 వస్తోంది. ఇంత పేరున్న షోకి రెండు చుక్కలు కూడా రాకపోతే లెక్కలోనే ఎక్కడో తేడా ఉన్నట్టు.

ఇంకో ఇబ్బంది: మొదటి మ్యాచ్‌ని పట్టు పట్టుకీ రాసుకుంటూ పోతే ఆరు వందల మాటలైంది. ఏది ఉంచాలో, ఏది కొట్టేయాలో తెలియడం లేదు. లాడర్ మ్యాచ్ దగ్గర "ఛాంపియన్ రేజర్, ఛాలెంజర్ షాన్" అని రాశాను, అది సరేనా? మెయిన్ ఈవెంట్‌లో యోకోజునా తనంతట తానే పడిపోయి ఓడిపోవడం చూసి ఒక్క చుక్కతో సరిపెట్టాను. మరీ పిసినారితనమా?

నియర్‌ఫాల్:

ముందు ఆ ఆరు వందల మాటల సంగతి చూద్దాం. పట్లన్నీ వరసగా రాస్తే అది పంచనామా అవుతుంది గానీ రివ్యూ కాదు. మ్యాచ్ రెండుసార్లు చూడండి. మొదటిసారి చేతిలో పెన్ను వద్దు. రెండోసారి గంట మోగిన క్షణం నుంచి స్టాప్‌వాచ్ పెట్టి, *ఆట చేతులు మారిన చోట్లు* మాత్రమే రాసుకోండి. టైమ్, ఏం జరిగింది, దానివల్ల ఎవరికి లాభం, అంతే. ఎంట్రీ మ్యూజిక్ నుంచి టైమ్ మొదలుపెడితే మాత్రం మొత్తం పోతుంది. ఈ మ్యాచ్ గంట నుంచి గంటకి 20:21. మీ కాపీలో అంతకంటే తక్కువ వస్తే ఎక్కడో కత్తెర పడిందని అర్థం, అప్పుడు "నడక తడబడింది" లాంటి వ్యాఖ్యలు చేయకండి.

ఓవెన్–బ్రెట్‌లో అలా చేతులు మారే చోట్లు ఐదారుకి మించవు. మొదట్లో బ్రెట్‌కి తమ్ముడితో కొట్లాడాలని లేదు. ఓవెనేమో ఒక చిన్న పట్టు విడిపించుకున్నా టైటిల్ గెలిచినంత సంబరం చేస్తాడు. ఆ సంబరాలు కామెడీ కోసం పెట్టినవి కావు, "అన్న నన్ను చిన్నచూపు చూశాడు" అన్న కథంతా వాటిలోనే ఉంది. తర్వాత బ్రెట్ తాళ్ల మీదుగా బయటికి దూకుతాడు, మోకాలు దెబ్బతింటుంది. ఈ మ్యాచ్‌కి కీలు ఇదే. రెండు నెలల ముందు రాయల్ రంబుల్ షోలో అన్నదమ్ములిద్దరూ జట్టుగా ఆడిన ట్యాగ్ మ్యాచ్ ఆగిపోయింది కూడా ఆ మోకాలి వల్లే, ఆ రాత్రి ఓవెన్ తన్నింది కూడా ఆ కాలినే. అంటే ఓవెన్ కొత్త పుండు పెట్టలేదు, పాతదాన్నే కెలుకుతున్నాడు. ఇది రాయకుండా "ఫిగర్ ఫోర్ వేశాడు" (కాళ్లు మెలేసే పట్టు) అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు.

చివరి భాగంలో రిఫరీ కన్నుగప్పి కొట్టిన దొంగదెబ్బ, ఓవెన్ షార్ప్‌షూటర్ (కాళ్లు మెలేసి నడుం వంచే పట్టు), దాన్ని బ్రెట్ తిప్పేసి తనే షార్ప్‌షూటర్ వేయడం, ఓవెన్ తాళ్లు అందుకోవడం. ఇక్కడిదాకా ఓవెన్ చేసిందంతా తొండే. ముగింపులో మాత్రం తొండి లేదు. బ్రెట్ విక్టరీ రోల్ (భుజాలెక్కి ఎదుటివాణ్ని దొర్లించి చాపకి అదిమే ఎత్తు) కోసం ఓవెన్ భుజాల మీదికి ఎక్కుతాడు. ఓవెన్ ముందుకు దొర్లకుండా మోకాళ్ల మీద కూలబడతాడు. బ్రెట్ భుజాలు చాపకి అతుక్కుంటాయి, కాళ్లు ఓవెన్ చేతుల్లో ఇరుక్కుంటాయి. ఒకటి, రెండు, మూడు. అన్న వేసిన ఎత్తులో అన్నే పడ్డాడు. విలన్‌ని శుభ్రంగా గెలిపించిన ఈ ఒక్క క్షణానికి రివ్యూలో కనీసం ఒక పేరా ఇవ్వాలి. మిగతాదంతా మూడు పేరాల్లో పెట్టొచ్చు.

నా లెక్కలో ఇది 5. మీరు తగ్గించిన అర చుక్క దేనికో రివ్యూలో రాయగలిగితే 4.5 ఉంచండి, రాయలేకపోతే కలిపేయండి.

రెండు_బెల్టులు:

"ఛాంపియన్ రేజర్, ఛాలెంజర్ షాన్" అని రాస్తే అసలు తగువే మాయమైపోతుంది. 1993లో షాన్ మైకేల్స్ దగ్గర నుంచి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ తీసేశారు, రింగ్‌లో అతణ్ని ఎవరూ ఓడించలేదు. ఖాళీ అయిన టైటిల్‌ని రిక్ మార్టెల్‌ని ఓడించి రేజర్ రమోన్ గెలిచాడు. షాన్ పాత బెల్టుతో తిరిగొచ్చి "అసలు ఛాంపియన్‌ని నేనే" అన్నాడు. కాగితం మీద రేజరే ఛాంపియన్, కానీ పైన వేలాడుతున్నవి రెండు బెల్టులు. "తిరుగులేని ఛాంపియన్ ఎవరో తేల్చే మ్యాచ్" అని రాయండి. రెండూ దించినవాడిదే గెలుపు, పిన్ (మూడు లెక్కపెట్టేదాకా భుజాలు చాపకి అదమడం) లేదు, సబ్మిషన్ (పట్టుకి లొంగిపోవడం) లేదు.

ఈ మ్యాచ్‌కి రివ్యూ రాసేవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఒకటుంది. తర్వాతి రోజుల్లో వచ్చిన నాలుగు నిచ్చెనల మ్యాచ్‌లు కళ్లలో పెట్టుకుని "ఇందులో పెద్ద పెద్ద పడటాలు తక్కువే" అంటారు. ఇక్కడున్నది ఒకే నిచ్చెన. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో లాడర్ మ్యాచ్ అప్పటికి కొత్త సరుకు. మొదటిది 1992 జూలై 21న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో బ్రెట్‌కీ షాన్‌కీ జరిగింది. అంతకు ముందు ఈ మ్యాచ్ కెనడాలో, బ్రెట్ వాళ్ల నాన్న నడిపిన స్టాంపీడ్ రెజ్లింగ్‌లో ఉండేది. గార్డెన్‌లో కూర్చున్న చాలామందికి నిచ్చెనతో ఏమేం చేయొచ్చో అప్పటికి తెలియదు. దాన్ని గుర్తుపెట్టుకుని చూడండి.

చూడాల్సినవి చెప్తాను. షాన్ అంగరక్షకుడు డీజిల్ మొదట్లోనే జోక్యం చేసుకుంటాడు, రిఫరీ అతణ్ని తెర వెనక్కి పంపేస్తాడు. దాంతో మిగతా ఆటంతా ఒకరికొకరు. తర్వాత చాలాసేపు నిచ్చెన రింగ్‌లోకి రాదు, మామూలు మ్యాచ్ నడుస్తుంది. ఆ భాగాన్ని "నెమ్మది" అని కొట్టిపారేయకండి. ఆ దెబ్బలు పడ్డాక కాబట్టే నిచ్చెన ఎక్కేటప్పుడు కాళ్లు బరువెక్కాయంటే నమ్ముతాం. ఆ తర్వాత షాన్ నిచ్చెన మీంచి రేజర్ మీదికి దూకే స్ప్లాష్. అందరికీ గుర్తున్న ఫొటో అదే. నిచ్చెన అక్కడ ఎక్కే వస్తువు కాదు, దూకే గట్టు. అంతకంటే పనితనం నిచ్చెనని మోసే తీరులో ఉంది: ఇద్దరూ దాన్ని ఎత్తే ప్రతిసారీ దాని బరువు, దాని అడ్డం కనపడేలా చేస్తారు.

లాడర్ మ్యాచ్ అన్నిటికీ ఉన్న జబ్బు ఒకటే. ఎదుటివాడు లేచి అడ్డుపడేంత టైమ్ ఇవ్వడానికి, ఎక్కేవాడు కావాలని నత్తలా ఎక్కుతాడు. ఇక్కడ ముగింపు ఆ జబ్బుకి మందు కనిపెట్టింది. షాన్ కాలు తాళ్లలో చిక్కుకుపోతుంది, విడిపించుకోవడానికి గిలగిలలాడుతుంటాడు. అతను రాలేడు కాబట్టి రేజర్ ఎంత నెమ్మదిగా ఎక్కినా నమ్మబుద్ధవుతుంది. పైగా ఇక్కడ ఉత్కంఠ "ఎక్కుతాడా" అన్నది కాదు, "ఈలోపు కాలు ఊడి వస్తుందా" అన్నది. 18:47. కుస్తీ విలేకరి డేవ్ మెల్ట్‌జర్ ఒక డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మ్యాచ్‌కి అయిదు చుక్కలు ఇవ్వడం ఇదే మొదలు. మీ 5 అలాగే ఉంచండి.

అయితే రెండింట్లో ఏది గొప్పదంటే నా ఓటు ఓవెన్–బ్రెట్‌కే. పేరులో రెండు బెల్టులు పెట్టుకుని ఇలా అంటున్నానని తిట్టుకోకండి.

గంట_నుంచి_గంటకి:

సగటు దగ్గర జరిగింది చెప్తాను. 35 సెకన్ల ఎర్త్‌క్వేక్ మ్యాచ్‌కీ 20 నిమిషాల ఓవెన్ మ్యాచ్‌కీ మీరు ఒకే బరువు ఇచ్చారు. ముందు ఎర్త్‌క్వేక్‌ని లెక్కలోంచి తీసేయండి. అది మ్యాచ్ కాదు, రింగ్ అనౌన్సర్ హోవర్డ్ ఫింకెల్ స్కిట్‌కి తోక. దానికి 0 ఇవ్వడం కంటే "రేటింగ్ లేదు" అనడం న్యాయం. తర్వాత ఒక్కో చుక్కని ఆ మ్యాచ్ నిమిషాలతో గుణించి, మొత్తాన్ని మొత్తం నిమిషాలతో భాగించండి.

వరసగా టైమ్‌లు: 20:21, 6:09, 9:49, 3:20, 7:41, 14:40, 0:35, 18:47, 10:38. కలిపితే సరిగ్గా 92 నిమిషాలు. ఎర్త్‌క్వేక్ తీసేస్తే 91:25. మీ చుక్కలు ఒక్కటీ మార్చకుండానే సగటు 1.94 నుంచి 2.78కి లేస్తుంది. రెండు గొప్ప మ్యాచ్‌లే 39 నిమిషాలు మింగేశాయి మరి.

లూగర్ మ్యాచ్‌కి 1 సరే. ముప్పావు ఇచ్చినా నేనేమీ అనను. యోకోజునా భుజం నరాలు నొక్కే పట్టు ఎంతసేపు నడిచిందో స్టాప్‌వాచ్‌తో కొలిచి ఆ అంకె రివ్యూలో వేయండి, "బోరు" అనే మాట వాడనక్కర్లేదు. ముగింపు మాత్రం వివరంగా రాయాలి. లూగర్ యోకోజునా మేనేజర్లు ఫూజీనీ కార్నెట్‌నీ పడగొట్టి, యోకోజునాని కొట్టి పిన్ వేస్తే, రిఫరీగా ఉన్న మిస్టర్ పర్ఫెక్ట్ కౌంట్ చేయకుండా ఆ ఇద్దరి దగ్గర ఉండిపోతాడు. లూగర్ అతణ్ని తోస్తాడు, డిస్‌క్వాలిఫై. ఇది లూగర్–పర్ఫెక్ట్ పగకి వేసిన విత్తనం, పంట మాత్రం చేతికి రాలేదు. అందుకే ఇప్పుడు చూస్తే వెలితిగా ఉంటుంది.

మెయిన్ ఈవెంట్‌కి 1 అన్యాయం. దాన్ని విడిగా చూడటానికి వీల్లేదు. రాయల్ రంబుల్ షోలో అదే పేరున్న మ్యాచ్‌లో బ్రెట్, లూగర్ ఇద్దరూ విజేతలయ్యారు. నాణెం ఎగరేస్తే ఛాంపియన్ యోకోజునా టైటిల్ మీద లూగర్‌కి మొదటి ఛాన్స్ వచ్చింది. లూగర్ గెలిస్తే రెండో మ్యాచ్ ఆడాలి కదా, సమానంగా ఉండాలని బ్రెట్‌కీ ముందు ఒక మ్యాచ్ పెట్టారు, అదే ఓవెన్‌తో. అంటే బ్రెట్ ఆ రాత్రి రింగ్‌లో ఉన్నది 30:59. అతను కుంటుతూ వచ్చాడా, ఏ కాలు, ఎక్కడ మర్చిపోయాడు అన్నది రాసుకోండి. అదే కాలు కుంటుతున్నాడు, పది నిమిషాలూ దాదాపు వదలలేదు. కుస్తీగా చూస్తే పెద్దగా ఏమీ లేదు, యోకోజునా అంతటి భారీ మనిషితో రెండోసారి ఆడుతూ ఉంటే ఉండదు కూడా.

ఇక "తనంతట తానే పడటం". బాంజాయ్ డ్రాప్ (పడుకున్నవాడి మీద కూర్చుంటూ దూకే దెబ్బ) కోసం మూలన తాళ్లెక్కి బ్యాలెన్స్ తప్పుతాడు, బ్రెట్ పక్కకి దొర్లి కాలు పట్టుకుని పిన్ చేస్తాడు. బ్రెట్ చేతిలో ఓడినట్టు కాకుండా ఆ భారీకాయం పరువు కాపాడే ముగింపు అది. నచ్చకపోతే తిట్టొచ్చు, కారణం రాసి తిట్టండి. తర్వాత అందరూ బ్రెట్‌ని భుజాలకెత్తుకుంటే ఓవెన్ దారిలో నిలబడి చూస్తుంటాడు. సాయంత్రం మొదట్లో అతన్ని శుభ్రంగా గెలిపించింది ఈ చూపు కోసమే. నేనైతే 2.25. అలా మారిస్తే సగటు 2.93.

ఒక పిడకల వేట: ఈ చుక్కల పద్ధతి నార్మ్ డూలీ, జిమ్ కార్నెట్‌ల దగ్గర మొదలై మెల్ట్‌జర్ చేతికొచ్చింది. ఆ కార్నెటే ఇక్కడ యోకోజునా మూలలో నిలబడి అరుస్తున్నది.

టాప్‌రోప్_తాత:

నియర్‌ఫాల్ గారూ, ఆ అర చుక్కకి కారణం వెతికితే దొరకలేదు, 5 చేశాను. మెయిన్ ఈవెంట్ 2 చేస్తున్నాను, పావు దగ్గర బేరం వద్దు. సావేజ్–క్రష్ రూల్ ఎలా రాయాలో కూడా చెప్పండి. "ఫాల్స్ కౌంట్ ఎనీవేర్" (పిన్ ఎక్కడ వేసినా చెల్లు) అని రాస్తే మొదటి పిన్‌కే మ్యాచ్ అయిపోవాలి కదా, చదివేవాళ్లు తికమకపడతారు.

నియర్‌ఫాల్:

పేరొకటి, రూలొకటి. పిన్ రింగ్ బయట వేయాలి. పిన్ అయినవాడు 60 సెకన్లలో రింగ్‌లోకి తిరిగి రాలేకపోతేనే ఓటమి. అందుకే సావేజ్ రింగ్‌లో ఎల్బో డ్రాప్ (పైనుంచి దూకి మోచేత్తో కొట్టే దెబ్బ) వేసి కూడా అక్కడే పిన్ చేయడు, క్రష్‌ని బయటికి దొర్లించి పిన్ వేస్తాడు. ఈ రూల్ ముందు చెప్పకపోతే ఆ పని పిచ్చిలా కనిపిస్తుంది. రూల్‌లోని లోపం కూడా రాయండి: పిన్ పడ్డ ప్రతిసారీ ఆట ఆగి అందరూ గడియారం చూస్తూ నిలబడాలి, వేడెక్కినదంతా చల్లారిపోతుంది. చివర్లో సావేజ్ దాన్నే తనకి అనుకూలంగా వాడుకున్నాడు. తెర వెనక పిన్ చేసి, క్రష్‌ని తలకిందులుగా కాళ్లకి తాడు కట్టి వేలాడదీసి తను రింగ్‌కి వచ్చేశాడు. 2.5 సరిపోతుంది.

అలుండ్రా బ్లేజ్ మ్యాచ్ 3:20 కాబట్టి రెండు వాక్యాలు చాలు. ఒకటి జర్మన్ సూప్లెక్స్ (వెనకనుంచి నడుం పట్టి వెనక్కి విసిరే ఎత్తు) ముగింపుకి, రెండోది లెయిలానీ కాయ్‌కి. 1985లో మొదటి రెజిల్‌మేనియాకి ఇదే గార్డెన్‌కి ఛాంపియన్‌గా వచ్చి వెండీ రిక్టర్ చేతిలో టైటిల్ పోగొట్టుకున్నది ఆవిడే.

తెర వెనక ఒక గుంపు కెప్టెన్ ఎవరని కొట్టుకునే ముక్క వస్తుంది, దాని తర్వాత మ్యాచ్ ఉండదు. మీ కాపీలో పోయిందనుకోకండి. టైమ్ చాలక పది మంది ట్యాగ్ మ్యాచ్‌ని షోలోంచి ఎత్తేశారు.