వీవోఏగా చేస్తున్నాను, కౌన్సెలింగ్ నేర్చుకోవాలని ఉంది. ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: పొదుపు సంఘం

అందరికీ నమస్తే. మాది జగిత్యాల జిల్లా. వయసు 31. బీకాం చదివాను. ఆరేళ్లుగా మా ఊళ్లో వీవోఏని, అంటే పొదుపు సంఘాల గ్రామ సంఘానికి సహాయకురాలిని. సంఘాల పుస్తకాలు రాయడం, మీటింగులు పెట్టించడం, బ్యాంకు లోన్ల పని. కిస్తీలు కట్టి అందరూ వెళ్లాక ఎవరో ఒకరు చెప్పుల దాకా వెళ్లి వెనక్కి వస్తారు. భర్త తాగుడు, అత్తింటి మాటలు, గల్ఫ్ వెళ్లిన మనిషి ఫోన్ ఎత్తకపోవడం. పోయిన నెల ఒకామె "బతకాలని లేదు చెల్లె" అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటి దాకా వెళ్లి దింపి వచ్చాను. ఆ రాత్రంతా నిద్ర లేదు.

ఆన్‌లైన్‌లో మూడు నెలల కోర్సు ఒకటి చూశాను. ఫీజు 18,000. అయిపోయాక 'సర్టిఫైడ్ సైకాలజిస్ట్' అని రాసుకోవచ్చట. చేరమంటారా? బీకాం మీద ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేయొచ్చా? ఆరేళ్ల పాప ఉంది, హాస్టల్‌లో ఉండడం కుదరదు.

జవాబు: ఎంఎస్‌డబ్ల్యూ రెండో ఏడాది

చేయొచ్చండి. ఎంఎస్‌డబ్ల్యూకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నేను కూడా బీఎస్సీ చేసి వచ్చాను. తెలంగాణలో సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. రోజూ కాలేజీకి వెళ్లలేకపోతే ఇగ్నోలో దూరవిద్యలో ఉంది. ఇంటి నుంచి చదివినా ఫీల్డ్ వర్క్ మాత్రం తప్పదు.

జవాబు: ఐసీటీసీ (హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) కౌన్సిలర్

ముందు ఆ 18,000 జాగ్రత్తగా దాచుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన చదువు, ఆ తర్వాత ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. మూడు నెలల్లో అయ్యే పని కాదు. మందులు రాసే సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. కౌన్సిలర్ పని ఈ రెండూ కాదు. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వృత్తుల జాబితాలో హెచ్ఐవీ కౌన్సిలర్ కూడా ఉన్నారు. పద్నాలుగేళ్లుగా ఆ పని చేస్తున్నాను కాబట్టి ఆ మాట చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది.

మీరు కోర్సు పేరు చూసి చేరకండి, ఫీల్డ్ వర్క్ చూసి చేరండి. నాకు ఈ పని నేర్పింది అదే. ఎంఎస్‌డబ్ల్యూలో వారానికి రెండు రోజులు ఒక కుటుంబ సలహా కేంద్రానికి వెళ్లేదాన్ని. మొదటి నెలలో ఒకావిడ వచ్చి "ఇంట్లో ఉండలేకపోతున్నానమ్మా" అంది. నిమిషం కాలేదు, "పిల్లల కోసమైనా సర్దుకోండి" అనేశాను. ఆవిడ తల ఊపి, కొంగు సర్దుకుని లేచి వెళ్లిపోయింది. మంచి మాటే చెప్పాననుకున్నాను. మా రిపోర్టులో ఇద్దరూ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. రాసి ఇచ్చాను. మా మేడం ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "ఈ సలహా ఆవిడ అడిగిందా?" అని రాశారు. ఆవిడ మళ్లీ రాలేదు. ఆమెను ఇంట్లో కొడుతున్నారో లేదో కూడా నేను అడగలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇప్పుడు మా గదిలో హెచ్ఐవీ పరీక్షకు ముందు ఒకసారి, ఫలితం వచ్చాక ఒకసారి మాట్లాడతాం. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. పాజిటివ్ అని చెప్పాక నేను ఆగిపోతాను. ఒకాయన, వివరాలు మార్చే చెబుతున్నాను, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. మళ్లీ తీసి విప్పారు. బయట లైన్‌లో జనం ఉన్నారు, నాకూ టెన్షనే. అయినా మాట్లాడలేదు. చాలాసేపటికి ఆయనే "మా ఆవిడకి కూడా చేయించాలి కదమ్మా" అన్నారు. ఆ మాట నేను ముందే అనేసి ఉంటే ఆయన మర్నాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చేవారు కాదనే నా నమ్మకం.

అందుకని కాలేజీకి ఫోన్ చేసినప్పుడు అడగండి: ఫీల్డ్ వర్క్ వారానికి ఎన్ని రోజులు, ఎక్కడికి పంపుతారు, రిపోర్టు చదివి మనతో విడిగా కూర్చునేది ఎవరు? మూడోదానికి సరైన జవాబు రాకపోతే వేరే కాలేజీ చూసుకోండి.

బతకాలని లేదన్న ఆవిడ సంగతి కోర్సు దాకా ఆగేది కాదు. ఇవాళే కలవండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందని భయపడకండి, పెరగదు. ఔనంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు ఉంటే తీయించేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వండి.

పొదుపు సంఘం

అక్కా, పొద్దున వెళ్లి వచ్చాను. మీరు చెప్పినట్టే అడిగాను. ఔనంది, చాలాసేపు ఏడ్చింది. నా ఫోన్ నుంచే 14416 కి చేశాం, వాళ్లు జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమన్నారు. గురువారం నేనే తీసుకెళ్తున్నాను. మందు డబ్బా వాళ్ల మామ పట్టుకెళ్లి వేరేచోట పెట్టాడు. ఇగ్నో సంగతి కూడా కనుక్కుంటాను. ఒక్క మాట: మీరన్న రిపోర్టు లాగా ఇప్పటినుంచే నోట్‌బుక్‌లో రాసుకోవచ్చా? ఈ పనిలో జీతం ఎలా ఉంటుంది?

ఐసీటీసీ కౌన్సిలర్

చాలా మంచి పని చేశారమ్మా. గురువారం తర్వాత కూడా వెళ్లి చూస్తూ ఉండండి.

మాది కాంట్రాక్టు ఉద్యోగం, జీతం తక్కువే. వీవోఏ పని ఇప్పుడే వదలొద్దు.

నోట్‌బుక్ రాయండి. పేరు వద్దు, ఇంటిపేరు వద్దు, ఏ సంఘమో కూడా వద్దు. ఆవిడ అన్న మాట, మీరన్న మాట, అంతే. సంఘం పుస్తకాలతో కలిపి ఒకే సంచిలో పెట్టకండి. మీ ఊళ్లో ఆ సంచి ఎంతమంది చేతుల్లోకి వెళ్తుందో మీకే తెలుసు.