కొత్త కోచ్ వచ్చాక వర్కౌట్లు ఒక్కసారిగా పెంచేశారు, ఎప్పుడు కంగారు పడాలి?

మేం అమెరికాలో ఉంటాం. మా అబ్బాయి కాలేజీ ఫుట్‌బాల్ ఆడతాడు (సాకర్ కాదు, హెల్మెట్ పెట్టుకుని ఆడేది). శీతాకాలం సెలవుల్లో ఒళ్లు పెద్దగా వంచలేదు. తిరిగి వెళ్లేసరికి కొత్త స్ట్రెంగ్త్ కోచ్ వచ్చాడు. మొదటి రోజు నుంచే పుషప్‌లు, స్క్వాట్లు, మధ్యలో సరైన విశ్రాంతి కూడా లేదట. నిన్న వీడియో కాల్‌లో చూస్తే టీషర్ట్ విప్పడానికి చేతులు పైకి లేవట్లేదు. "అందరికీ ఇంతేనమ్మా" అని కొట్టిపారేశాడు.

అందరికీ ఇంతే కాబట్టే నాకు టెన్షన్. 2011 జనవరిలో అయోవా యూనివర్సిటీలో ఇలాగే సెలవుల తర్వాత విపరీతంగా స్క్వాట్లు చేయించాక 13 మంది ఆటగాళ్లు ర్యాబ్డోమయోలైసిస్‌తో (కండరాలు తీవ్రంగా దెబ్బతినే స్థితి) ఆస్పత్రి పాలయ్యారు. 2017లో ఒరెగాన్ యూనివర్సిటీలో ముగ్గురు. కండరాలు దెబ్బతిని వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలో కలిస్తే కిడ్నీలకే ముప్పు. మూత్రం కోలా రంగులో వస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లమని చెప్పాను. ఇప్పటికైతే మామూలుగానే ఉందట.

రంగు మారకపోయినా సీకే రక్తపరీక్ష (కండరాలు ఎంత దెబ్బతిన్నాయో చూపేది) చేయించమని పట్టుబట్టాలా? మామూలు ఒళ్లునొప్పులకీ దీనికీ తేడా మీరెలా పట్టుకున్నారు? వాడికి 18 దాటాయి, వాడు ఒప్పుకోకపోతే వైద్య వివరాలు నాకు చెప్పరు. నేనే టీమ్ అథ్లెటిక్ ట్రైనర్‌కి (ఆటగాళ్ల గాయాలు, ఆరోగ్యం చూసేవారు) ఫోన్ చేస్తే వాడి చోటుకి ఎసరు వస్తుందేమోనని ఇంకో భయం. పిల్లలు కాలేజీలో ఆడినవాళ్లు, ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త త్వరగా చెప్పండి. సోమవారం మళ్లీ వర్కౌట్ ఉంది.