వెనుక యాక్సిల్ గేర్ నిష్పత్తి మార్పు: పినియన్ లోతు విషయంలో సలహా కావాలి

నా వెనుక చక్రాల డ్రైవ్ కారులో 40 పళ్ల క్రౌన్ వీల్ (ఇరుసును తిప్పే పెద్ద గేర్), 13 పళ్ల పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేర్), అంటే సుమారు 3.08 నిష్పత్తి ఉండేది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుపోతున్నట్లు ఉండడంతో, 41, 11 పళ్లున్న 3.73 జతను నేనే బిగించడానికి పూనుకున్నాను. అదే వేగానికి ఇంజన్ దాదాపు 21 శాతం ఎక్కువ తిరుగుతుందనీ, గేర్‌బాక్స్ నుంచి నడిచే స్పీడోమీటర్‌ను సరిచేయవలసి వస్తుందనీ తెలిసే దిగాను. క్రౌన్ వీల్‌ను మోసే క్యారియర్ రెండింటికీ సరిపోతుందని కూడా ముందే చూసుకున్నాను.

చిక్కు అమరికలో వచ్చింది. బ్యాక్‌లాష్‌ను, అంటే రెండు గేర్ల పళ్ల మధ్య ఉండే సందును, డయల్ గేజ్‌తో నాలుగు చోట్ల కొలిస్తే 0.15, 0.17, 0.24, 0.20 మిల్లీమీటర్లు వచ్చాయి. పళ్లకు పసుపు మార్కింగ్ పేస్ట్ పూసి, క్రౌన్ వీల్‌ను కొద్దిగా బిగబట్టి పినియన్‌ను తిప్పితే, ముద్ర పంటి నడుమ పడక అడుగుకు దిగిపోయి సన్నని గీతలా కనిపించింది. పినియన్ మరీ లోపలికి వెళ్లిందనే నా అనుమానం.

ఇప్పుడు పినియన్ తల వెనుక ఉన్న షిమ్ (లోతును సరిచేసే పలుచని లోహపు వలయం) మందాన్ని ఒక్కోసారి ఎంత మేరకు తగ్గించడం మంచిది? ఆ 0.09 తేడా క్రౌన్ వీల్ వంకర వల్లనా, లేక దాని కింద మిగిలిన లోహపు గరుకు ముక్క (బర్) వల్లనా అన్నది విప్పకుండానే తేల్చుకునే మార్గం ఉందా? పినియన్ బేరింగుల మధ్య నలిగి వాటి బిగువును నిలిపే క్రష్ స్లీవ్ ఒకసారి నలిగితే మళ్లీ పనికిరాదు కనుక, లోతు కుదిరేవరకు అది లేకుండానే పినియన్ నట్టును జాగ్రత్తగా బిగించి ముద్ర చూడవచ్చా? ఈ పని స్వయంగా చేసినవారు దయచేసి తెలుపగలరు.